చర్దాక్: గుంజల మీద నిలబడ్డ సరిహద్దు

జర్మనీ నైరుతి భాగంలో ఎప్పింగెన్ అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్క అడవిలో నడిచేవాళ్లకి చెట్ల మధ్య పొడవాటి కందకం, దాని వెంటే మట్టికట్ట కనిపిస్తాయి. మూడు వందల ఏళ్ల వానలకి కట్ట కరిగిపోయింది, కందకం ఆకులతో సగం పూడిపోయింది. తెలియనివాళ్లు చూడకుండానే దాటిపోతారు. ఆ కట్ట మీద ఒకచోట మాత్రం చెక్కతో కట్టిన బురుజు నిలబడి ఉంటుంది. కింది అంతస్తు ఇరుకు. పై అంతస్తు కింది గోడల్ని దాటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. గోడల్లో తుపాకి గొట్టం పెట్టుకునే కంతలు, చుట్టూ పైకొన చెక్కిన దుంగల దడి. ఇది పాతది కాదు, 1690లలో అక్కడ ఉన్నవాటిని చూపించడానికి ఈ మధ్యకాలంలో కట్టిన నమూనా. దీన్ని అక్కడివాళ్లు షార్టాక్ అంటారు.

ఆ పేరు జర్మన్ మాట కాదు. రాసే తీరులో ఫ్రెంచి వాసన తగిలినా ఫ్రెంచీ కాదు. అది టర్కిష్, చర్దాక్ అన్న మాటకే ఇంకో రూపం. ఒట్టోమన్ సైన్యాలు ఏనాడూ అడుగుపెట్టని రైన్ నది పరిసరాల్లో, ఫ్రెంచివాళ్లని ఆపడానికి జర్మన్లు కట్టుకున్న కాపలా బురుజుకి టర్కిష్ పేరు ఎందుకుంది? దీనికి జవాబు వెతుకుతూ పోతే యూరప్‌లో మూడు వందల ఏళ్లు నడిచిన ఒక సరిహద్దు వ్యవస్థ మొత్తం బయటపడుతుంది. రాతికోటల చరిత్ర చదువుకున్నవాళ్లకి అది అంతగా తెలియదు. ఎందుకంటే ఆ వ్యవస్థ చెక్కతో కట్టింది, చెక్క మిగలలేదు.

ముందు మాట సంగతి. పారశీకంలో చహార్ తాక్ అంటే నాలుగు కమానులు. నాలుగు వైపులా నాలుగు కమానులు లేపి, పైన గుమ్మటం పెట్టిన చతురస్రపు కట్టడానికి అది పేరు. ఇస్లాంకి ముందు పారశీకాన్ని ఏలిన సస్సానియన్ల కాలపు అగ్ని ఆలయాలు కొన్ని ఇప్పటికీ ఇరాన్‌లో ఇలాగే నిలబడి ఉన్నాయి. కాషాన్ దగ్గర నియాసర్‌లో ఉన్నది వాటిలో పేరున్నది. హైదరాబాద్ పాతబస్తీ తెలిసినవాళ్లకి ఇది కొత్త ఊహ కాదు. చార్మినార్ పక్కన ఉన్న చార్ కమాన్ పేరుకి అర్థం కూడా నాలుగు కమానులే. అక్కడా ఇక్కడా 'చార్' ఒకటే, రెండో ముక్క ఒక్కటే వేరు. కుతుబ్‌షాహీల హైదరాబాద్‌కి ఆ ఊహని తెచ్చింది పారశీక సంప్రదాయమే.

అదే మాట పడమటికి వెళ్లి టర్కీ చేరాక రాయి పోయి చెక్క అయింది. టర్కిష్‌లో చార్దాక్ అంటే నాలుగు గుంజల మీద నిలబెట్టిన పందిరి. దాని మీదికి ద్రాక్షతీగ పాకిస్తారు, లేదంటే తోటకి కాపలా కాసేవాడు దాని మీద కూర్చుంటాడు. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మన రైతులు వేసుకునే మంచెకీ దానికీ పెద్ద తేడా లేదు. ఒట్టోమన్లతో బాల్కన్లకి వెళ్లాక ఆ మాట ఒక్కో ఊళ్లో ఒక్కో పని చేసింది. బల్గేరియాలో ఇంటి మేడమీది వసారా అయింది. రుమేనియాలో చెర్దాక్ అని ఇంటి ముందు చావిడి అయింది. సెర్బియా, క్రొయేషియాల్లో చర్దాక్ అంటే మేడ అన్న అర్థమూ ఉంది, కాపలా బురుజు అన్న అర్థమూ ఉంది. ఆకాశంలోనూ లేని, భూమ్మీదా లేని చర్దాక్ గురించి సెర్బుల జానపద కథ ఒకటుంది. నేలకి అంటకుండా ఎత్తున ఉండే గది అన్న భావం ఆ మాటలో ఎంత గట్టిగా పాతుకుందో దాన్ని బట్టే తెలుస్తుంది. హంగేరీలో దారిపక్క పూటకూళ్ల ఇంటికి చార్దా అన్న పేరు ఈ మాట నుంచే పుట్టిందంటారు. చార్దాష్ అనే నాట్యం పేరు ఆ చార్దా నుంచి వచ్చింది. సైనిక బురుజుగా జర్మన్ రాతల్లోకి వెళ్లిన రూపమే చార్డాకె, షార్టాక్.

ఇక బురుజు సంగతి. 1526లో మొహాచ్ యుద్ధంలో హంగేరీ సైన్యం చితికిపోయింది. 1541లో బుడా నగరం ఒట్టోమన్ల చేతికి వచ్చింది. అప్పటి నుంచి 1699 కార్లోవిట్జ్ సంధి దాకా హంగేరీ నడిమధ్యన రెండు సామ్రాజ్యాలు ఎదురెదురుగా కూర్చున్నాయి: ఒకవైపు ఒట్టోమన్లు, ఇంకోవైపు వియన్నా నుంచి ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం. పెద్ద యుద్ధాలు అప్పుడప్పుడే జరిగేవి. దోపిడీ మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. పది ఇరవై మంది గుర్రాల మీద రాత్రిపూట నది దాటి వచ్చి, ఊరి మీద పడి, పశువుల్నీ మనుషుల్నీ తోలుకుపోయేవాళ్లు. రెండు వైపులవాళ్లూ చేసిన పనే ఇది. శాంతి ఒప్పందాలు కాగితం మీద ఉన్న కాలంలోనూ ఇది ఆగలేదు. ఇలాంటి శత్రువుకి రాతికోట అడ్డం కాదు. కోటలో ఉన్నవాళ్లు క్షేమంగా ఉంటారు, అంతే. కోట పక్కనుంచి దాటుకుని పోయేవాణ్ణి అది ఏమీ చెయ్యలేదు.

దానికి కావలసింది వరసగా ఉండే కళ్లు. చర్దాక్ చేసింది ఆ పనే. ఒక చర్దాక్ మీద నిలబడితే పక్క చర్దాక్ కనిపించాలి, ఇదొక్కటే దాని అసలు సూత్రం. శత్రువు కనబడగానే మంట రాజేస్తారు, లేదంటే చిన్న ఫిరంగి పేలుస్తారు, గంట కొడతారు. ఆ కబురు బురుజు నుంచి బురుజుకి దూకుతూ వెనకనున్న ఊళ్లకి, అక్కడి నుంచి కోటలోని దళానికి చేరుతుంది. బురుజులో ఉండే కొద్దిమంది యుద్ధం గెలవాలని ఎవరూ ఆశించలేదు. వాళ్లు గుర్రం కన్నా వేగంగా వార్త పంపిస్తే చాలు, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని అడవిలోకి వెళ్లేదాకా సమయం దొరికితే చాలు. చర్దాక్‌ని పేదవాడి కోటగా రాసినవాళ్లు ఈ సంగతి పట్టించుకోలేదనిపిస్తుంది. అది కోటకి నాసిరకం నకలు కాదు, దాని పనే వేరు.

దీంతో కలిపి చూడవలసిన ఇంకో మాట పలాంకా. ఇది కూడా చెక్కకోటే, దీనికీ ఒట్టోమన్ సరిహద్దుతోనే సంబంధం. కాకపోతే మాట ప్రయాణం ఎదురుదిశలో సాగింది. హంగేరియన్ల పలాంక్‌ని టర్కులు తీసుకుని పలాంకా అన్నారు. దీన్ని కట్టే తీరు గట్టిది. దుంగల్ని రెండు వరసలుగా నేలలో పాతి, వాటిని అడ్డదుంగలతో బిగించి, మధ్యలో మట్టి కూరి దిమ్మిస కొడతారు. అలా కూరిన గోడని దోల్మా అనేవాళ్లు. కూరగాయల్లో కూరి వండే వంటకానికి టర్కిష్‌లో ఉన్న పేరు కూడా అదే. ఫిరంగి గుండు తగిలితే రాతిగోడ పగులుతుంది, పెచ్చులు ఎగిరి లోపలివాళ్లకి తగులుతాయి. మట్టి ఆ గుండుని మింగేస్తుంది. ఓరుగల్లు కోట చుట్టూ రాతిగోడకి బయట అంత పెద్ద మట్టికోట ఎందుకుందో చూసినవాళ్లకి ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది. అయితే అది ఫిరంగుల కన్నా ముందుకాలం నాటిది. పలాంకాలో వందల మంది ఉండొచ్చు, ఫిరంగులు ఉండొచ్చు, లోపల మసీదూ బజారూ ఉండొచ్చు. చర్దాక్‌లో ఉండేది నలుగురో పదిమందో.

ఒట్టోమన్లూ హాబ్స్‌బర్గ్‌లూ ఇద్దరూ చెక్కనే ఎందుకు పట్టుకున్నారు? సావా, ద్రావా, దాన్యూబ్ నదుల మధ్య మైదానం పెద్ద చిత్తడి నేల. వరదకాలంలో ఏది నదో ఏది పొలమో తెలియదు. రాయి దూరం నుంచి తేవాలి, తెచ్చినా మెత్తటి నేలలో పునాది కుంగుతుంది. ఓక్ చెట్లకి మాత్రం కొదవ లేదు. స్లవోనియా అడవులు ఓక్‌కి ఈనాటికీ పేరున్నవి. ఓక్ దుంగ నీళ్లలో నానినా ఏళ్ల తరబడి ఆగుతుంది. గొడ్డలి పట్టడం వచ్చిన రైతులు కొన్ని రోజుల్లో చర్దాక్ నిలబెట్టగలరు. సావా ఒడ్డున ఉన్నవాటిని ఎత్తైన గుంజల మీద కట్టేవాళ్లు. వరదొస్తే నీళ్లు కింద నుంచి పోతాయి, కాపలా మారేవాళ్లు పడవలో వచ్చి నిచ్చెన ఎక్కుతారు. శత్రువు కాల్చేస్తే మళ్లీ కడతారు. కాలిపోవడం దాని లోపమే. కానీ అంత తేలిగ్గా మళ్లీ లేపగలగడం ఆ లోపాన్ని కప్పేసింది.

చెట్టు అడవిలో ఊరికే దొరికినట్టే, కాపలా మనిషి కూడా చవకగా దొరికాడు. ఈ మొత్తం కథలో ఎక్కువ పట్టించుకోవలసింది ఇదే. హాబ్స్‌బర్గ్‌లు తమ దక్షిణపు అంచు పొడుగునా ఒక సైనిక సరిహద్దు ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు. ఒట్టోమన్ల ఏలుబడి నుంచి పారిపోయి వచ్చిన సెర్బులు, వ్లాహులు అనే బాల్కన్ పశువుల కాపరులు, క్రొయేషియన్లని అక్కడ స్థిరపరిచారు. భూమి ఇచ్చారు, జమీందారుకి చెయ్యవలసిన చాకిరీ నుంచి విముక్తి ఇచ్చారు. బదులుగా ఇంటి మగవాళ్లంతా జీవితాంతం సిపాయిలుగా ఉండాలి. 1630లో రెండో ఫెర్డినాండ్ చక్రవర్తి వాళ్ల హక్కుల్ని శాసనంగా రాసిచ్చాడు. వాళ్లని గ్రానిచార్‌లు అనేవాళ్లు, అంటే సరిహద్దువాళ్లు. అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు కలిసి ఉండే ఉమ్మడి కుటుంబాల్ని అధికారులు కావాలనే కాపాడారు. కారణం ప్రేమ కాదు. ఒకడు చర్దాక్ మీద కూర్చుంటే ఇంకొకడు పొలం దున్నాలి, లేదంటే సిపాయికి తిండి ఖజానా నుంచి పెట్టాల్సి వస్తుంది. సామ్రాజ్యం రొక్కం ఖర్చుపెట్టకుండా సరిహద్దు కాపలా నడిపిందంటే, ఆ ఖర్చుని ఈ కుటుంబాలు తమ చేలల్లో చెమటతో కట్టాయన్నమాట. ఒట్టోమన్ వైపు కూడా ఇంతే. అక్కడ మార్తోలోసులు అనే క్రైస్తవ కాపలాదళాలు ఉండేవి. ఒకే భాష మాట్లాడే మనుషులు నదికి రెండు ఒడ్డుల్లో చెక్క బురుజుల మీద కూర్చుని ఒకళ్లనొకళ్లు చూసుకున్న రోజులు చాలా ఉన్నాయి.

1699 తర్వాత, మరీ ముఖ్యంగా 1739 బెల్‌గ్రేడ్ సంధితో సరిహద్దు సావా, దాన్యూబ్‌ల మీద నిలిచాక, దోపిడీ దళాలు తగ్గాయి. చర్దాక్‌ల అవసరం తగ్గాలి కదా? పెరిగింది. ఇప్పుడు కాపలా కాయాల్సిన శత్రువు ప్లేగు.

ఒట్టోమన్ నగరాల్లో ప్లేగు మళ్లీ మళ్లీ తలెత్తేది, వర్తకంతో పాటు ప్రయాణించేది. 18వ శతాబ్దంలో హాబ్స్‌బర్గ్ ప్రభుత్వం సైనిక సరిహద్దునంతా ఆరోగ్య సరిహద్దుగా మార్చింది. 1770లో హాబ్స్‌బర్గ్ రాణి మరియా థెరీసా జారీ చేసిన ఆరోగ్య నిబంధనలు దాన్ని పూర్తిగా బిగించాయి. ఏడ్రియాటిక్ తీరం నుంచి ట్రాన్సిల్వేనియా కొండల దాకా దాదాపు 1,900 కిలోమీటర్ల పొడుగున చర్దాక్‌ల వరస సాగింది. మామూలు రోజుల్లో ఒక్క పూటకి దాదాపు 4,000 మంది కాపలా. దాపుల్లో ప్లేగు ఉందని తెలిస్తే 7,000. ప్లేగు సరిహద్దు దగ్గరికి వస్తే 11,000. దారి తప్పించి దాటబోయినవాణ్ణి కాల్చెయ్యమని ఆజ్ఞ.

చట్టప్రకారం దాటాలనుకునేవాళ్లు క్వారంటైన్ కేంద్రానికి వెళ్లాలి. వాటిని కొంటుమాజ్ అనేవాళ్లు. అన్నీ బాగున్న రోజుల్లో 21 రోజులు, అనుమానం ఉన్నప్పుడు 42, ప్లేగు ఉన్నప్పుడు 84 రోజులు లోపల ఉండాలి. ఉత్తరాల్ని పొగబెట్టాకే పంపేవాళ్లు. నాణేల్ని వెనిగర్‌లో ముంచేవాళ్లు. ఉన్ని, పత్తి మూటల్ని అనుమానంగా చూసేవాళ్లు. ఉన్ని మీద కూలివాళ్లని పడుకోబెట్టి వాళ్లకి జబ్బు వస్తుందో లేదో చూసేవాళ్లని కూడా చరిత్రకారులు రాశారు. మనిషి ప్రాణాన్ని పరీక్ష కర్రగా వాడుకున్న ఈ పద్ధతిని, ఆ కాలానికి అది మామూలే అని సర్దుకుని దాటిపోవడం సరికాదు. ఆ కూలివాడికీ ఆనాడే భయం వేసి ఉంటుంది.

బెల్‌గ్రేడ్ నుంచి సావా దాటితే ఉండే జెమున్‌లో పెద్ద కొంటుమాజ్ ఉండేది. ఈనాడు ఆ స్థలం ఊరి ఉద్యానవనం. అందులో రెండు చిన్న చర్చిలు ఉన్నాయి, ఒకటి ఆర్థొడాక్సుల కోసం, ఇంకొకటి కేథలిక్కుల కోసం. వారాల తరబడి బయటికి కదలకూడదు కనుక లోపల ఉన్నవాళ్లకి దేవుడు లోపలే ఉండాలి. కేథలిక్ చర్చి సెయింట్ రోక్ పేరు మీద ఉంది. ప్లేగు నుంచి కాపాడమని యూరప్ కేథలిక్కులు మొక్కుకునే పునీతుడు ఆయన.

ఈ గొలుసు పని చేసిందా? పూర్తిగా కాదు. 1795–96లో ప్లేగు దీన్ని దాటుకుని సావాకి ఉత్తరాన ఉన్న స్రేమ్ ప్రాంతంలోకి వచ్చింది. ఇరిగ్ అనే పట్టణంలో సగం జనాభా దాకా పోయింది. అయినా ఆ శతాబ్దంలో నదికి దక్షిణాన ప్లేగు ఎన్నిసార్లు చెలరేగిందో, ఉత్తరాన అది ఎంత అరుదుగా అడుగుపెట్టిందో చూస్తే కాపలా వృథా పోలేదని ఒప్పుకోవాలి. పశ్చిమ యూరప్‌లో ప్లేగు ఎందుకు మాయమైందన్న విషయంలో చరిత్రకారుల మధ్య వాదన తెగలేదు. ఆ వాదనలో చర్దాక్‌ల వరసకి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవిని ఆపడానికి, కంటితో చూసే బురుజుల్ని వాడటం వింతగానే అనిపిస్తుంది. అయితే ప్లేగు ఊరి నుంచి ఊరికి వెళ్లేది ఎక్కువగా మనుషులతో, వాళ్ల సరుకులతోనే. వాళ్ల దారి కట్టడి చేస్తే జబ్బు దారి సగం కట్టడి అయినట్టే.

ఇక మొదటి ప్రశ్న. సావా ఒడ్డు బురుజు రైన్ దాకా ఎలా వెళ్లింది? తీసుకెళ్లినవాడు బాడెన్ ప్రభువు లుడ్విగ్ విల్‌హెల్మ్. 1655లో పారిస్‌లో పుట్టాడు, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అతనికి జ్ఞానస్నానపు తండ్రి. 1683లో వియన్నా రక్షణలో పోరాడాడు. 1689లో నిష్ గెలిచాడు, 1691లో స్లాంకామెన్ దగ్గర ఒట్టోమన్ సైన్యాన్ని ఓడించాడు. తుర్క్ లూయీ అన్న పేరు అక్కడే వచ్చింది. కానీ అతను తూర్పున పోరాడుతున్నప్పుడు ఇంటి వెనక మంటలు లేచాయి. అతనికి జ్ఞానస్నానపు తండ్రి అయిన రాజు సైన్యమే 1689లో రైన్ ప్రాంతాన్ని ఊరూరా తగలబెట్టింది. స్పైయర్, వోర్మ్స్, మాన్‌హైమ్ బూడిదయ్యాయి. అతని సొంత రాజధాని బాడెన్-బాడెన్ కూడా కాలిపోయింది. 1693లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి అతన్ని రైన్ సరిహద్దుకి సేనాపతిగా పంపాడు. అదే ఏడు హైడెల్‌బర్గ్ రెండోసారి నాశనమైంది.

అతని చేతిలో సైన్యం తక్కువ, డబ్బు ఇంకా తక్కువ. ఎదురుగా యూరప్‌లోకెల్లా పెద్ద సైన్యం. ఫ్రెంచివాళ్లని మైదానంలో ఓడించడం అతని వల్ల కాదు. కానీ వాళ్ల దళాలు లోపలికి చొచ్చుకొచ్చి ఊళ్లు తగలబెట్టి, ధాన్యం ఎత్తుకుపోతున్న తీరు అతనికి బాగా తెలిసిన వ్యవహారం. దాని మందు కూడా అతనికి తెలుసు. 1695 నుంచి 1697 దాకా ఫోర్జ్‌హైమ్ పక్క వైసెన్‌స్టైన్ నుంచి నెకర్‌గెముండ్ దాకా 86 కిలోమీటర్ల రక్షణ వరస లేచింది. దాన్నే ఎప్పింగెన్ వరసలు అంటారు. కందకం తవ్వారు, ఆ మట్టినే కట్ట పోశారు. ముందువైపు చెట్లని నరికి కొమ్మలు శత్రువు వైపు ఉండేలా పడేశారు. గుర్రం ఆ కొమ్మల్లోంచి రాలేదు. కట్ట మీద అక్కడక్కడా షార్టాక్‌లు నిలబెట్టారు. దూరం చూసి కబురు పంపే పని ఇక్కడా వాటిదే.

తవ్వింది సైనికులు మాత్రమే కాదు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు పలుగూ పారా పట్టుకుని రావాలి. కూలి లేదు, అది వెట్టి. అప్పటికే యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్ల నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి తవ్వించారంటే వాళ్ల బాధ ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ వరసల వెంట నడకదారి వేసి, పలకలు పెట్టి, నమూనా బురుజులు కట్టారు. సేనాపతి పేరు అందరికీ తెలుసు. తవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఎక్కడో ఒకచోట ఊళ్ల పేర్లయినా రాస్తే బాగుండేది. ఎందుకంటే అది వాళ్లు కట్టిన కట్టడం.

1697లో రైస్విక్ సంధితో యుద్ధం ఆగింది, ఎప్పింగెన్ వరసల వెనక ఉన్న ఊళ్లు మళ్లీ కాలలేదు. తర్వాతి యుద్ధంలో లుడ్విగ్ ఇలాంటి వరసనే ఇంకా దక్షిణాన, బూల్ నుంచి స్టోల్‌హోఫెన్ దాకా వేశాడు. 1703లో ఫ్రెంచి సేనాపతి విలార్ దాన్ని దాటలేక వెనక్కి వెళ్లాడు. 1707 జనవరిలో లుడ్విగ్ చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో విలార్ అదే వరసని పెద్దగా నష్టపోకుండానే పట్టేసుకున్నాడు. కందకం మారలేదు, కట్ట మారలేదు. కాపలా కాసేవాళ్లు తగ్గిపోయారు, వాళ్లని కదిలించే సేనాపతి లేడు. చెక్క బురుజు బలం చెక్కలో లేదు, అది పంపే కబురు అందుకుని పరుగెత్తుకొచ్చే దళంలో ఉంది. ఆ దళం లేనప్పుడు బురుజు మీది మనిషి మంట పెట్టి ఏం లాభం?

ఇన్ని వేల బురుజుల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్రొయేషియాలో సావా ఒడ్డున ఉన్న జుపాన్యాలో 19వ శతాబ్దపు సరిహద్దు చర్దాక్ ఒకటి మ్యూజియంగా ఉంది. మిగతావాటి జాడ కోసం నేల తవ్వాలి. హంగేరీలో సిగెట్‌వార్ దగ్గర 1566లో ముట్టడి మధ్యలోనే ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా కట్టిన సమాధి చుట్టూ ఒక చిన్న ఊరు, దాని కాపలాకి ఒక పలాంకా వెలిశాయి. 17వ శతాబ్దం చివర హాబ్స్‌బర్గ్‌లు వచ్చాక అంతా నేలమట్టం చేశారు. 2010లలో పరిశోధకులు ద్రాక్షతోటల మధ్య ఆ చోటుని వెతికి పట్టుకున్నారు. ఇలాంటి తవ్వకాల్లో పలాంకా గోడ గోడగా కనిపించదు. నేలలో పాతిన దుంగ కుళ్లిపోయి, దాని చోట నల్లటి మట్టి గుండ్రంగా మచ్చలా మిగులుతుంది. ఆ మచ్చలు వరసగా రెండు గీతలు కట్టి ఉంటే, వాటి మధ్య దూరమే గోడ మందం. ఒకే చోట మచ్చ మీద మచ్చ ఉంటే దుంగని పీకి మళ్లీ పాతారని అర్థం, అంటే అక్కడ గోడ కాలిపోయో కుళ్లిపోయో ఉంటుంది. రాతికోట ఒకసారి కట్టిన రోజే చెబుతుంది. ఈ నల్లమచ్చలు ఎన్నిసార్లు మళ్లీ కట్టుకున్నారో చెబుతాయి.

1871లో ఆరోగ్య సరిహద్దుని ఎత్తేశారు. 1881లో సైనిక సరిహద్దులో మిగిలిన ప్రాంతాన్ని క్రొయేషియా-స్లవోనియాలో కలిపేశారు. కాపలా లేకపోయాక చర్దాక్‌ల దుంగల్ని ఊళ్లవాళ్లు ఇళ్లకీ కొట్టాలకీ వాడుకోవడం సహజం, ఓక్ దుంగని ఎవరూ పారెయ్యరు. పలాంకాలున్న చోట్లు ఊళ్ల పేర్లుగా నిలిచాయి: సెర్బియాలో బాచ్కా పలాంకా, బేలా పలాంకా, స్మెదెరెవ్‌స్కా పలాంకా, ఉత్తర మాసిడోనియాలో క్రివా పలాంకా. పలాంకా అంటే సెర్బియన్‌లో ఇప్పుడు చిన్నపట్నం, ఒక్కోసారి ఇరుకు మనస్తత్వానికి తిట్టు కూడా. చర్దాక్ అదృష్టం మెరుగ్గా ఉంది. సెర్బియా ఉత్తరాన ఉన్న వోయ్‌వొదినా పల్లెల్లో ఇప్పుడు ఆ మాటకి మొక్కజొన్న కండెలు ఆరబోసే, సందులున్న ఎత్తైన చెక్కకొట్టు అని అర్థం. గాలి ఆడాలి, ఎలుకలు ఎక్కకూడదు, కింద తడి తగలకూడదు కనుక దాన్ని ఇప్పటికీ గుంజల మీదే కడతారు.